నిద్ర బాగా పట్టిందాండి?

ఇమాం సాహెబ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కనబడినవాడికల్లా తనను తాను పరిచయం చేసుకోవాలి. బస్సులో పక్క సీటువాడికి, బజార్లో వంకాయలమ్మే ఆవిడకి, రాంగ్ నంబరుకి ఫోను చేసినవాడికి, ఎవరికైనా సరే. "నా పేరు ఇమాం సాహెబ్ అండి. ఏలూరు వన్ టౌన్‌లో పరుపులు కుడతానండి. మా నాన్నగారూ పరుపులే కుట్టారండి. మనిషికి నిద్ర బాగుంటే సగం రోగాలు రావని నా నమ్మకమండి" అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా సాగించి, "ఇంతకీ మీకు రాత్రి నిద్ర బాగా పట్టిందాండి?" అని ముగిస్తాడు.

ఒకసారి తాడేపల్లిగూడెం బస్సులో ఒకడు ఆయన జేబులో చెయ్యి పెట్టి దొరికిపోయాడు. ఇమాం సాహెబ్ ఆ చెయ్యి పట్టుకుని పరిచయం మొదలుపెట్టాడు. నిద్ర పట్టిందా అనేసరికి వాడు బావురుమన్నాడు. పట్టడం లేదట. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకొమ్మని చెప్పి పంపించాడు. గుండుగొలనులో దిగేటప్పుడు వాడు అప్పటికే లాగేసిన పర్సు తిరిగిచ్చేసి దణ్ణం కూడా పెట్టాడు.

ఇలాంటి మనిషికి ఇంటర్నెట్ చూపించడం నిత్యానందం చేసిన పాపం. అతనికి పవర్‌పేటలో నెట్ సెంటర్ ఉండేది. ఆర్కుట్‌లూ చాటింగులూ ఊరంతా వ్యాపిస్తున్న రోజులవి. నెట్లో 'గోదారి కబుర్లు' అని ఒక గుంపు ఉందనీ, దేశదేశాల మనవాళ్ళు అందులో మాట్లాడుకుంటారనీ, కొత్తగా చేరినవాళ్ళు పేరు, ఊరు, ఆసక్తులు, నమ్మకాలు రాసి పరిచయం చేసుకోవాలనీ చెప్పాడు. ఆ చివరి మాటకి ఇమాం సాహెబ్ కళ్ళు చెమర్చాయి. నీ గురించి చెప్పవయ్యా అని అడిగే చోటు ఒకటి భూమ్మీద ఉందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. ఆయన చెబుతుంటే నిత్యానందం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. వేళ్ళు వాచిపోయాయని ఇప్పటికీ చెబుతుంటాడు.

కష్టాలన్నీ వచ్చిపడింది మాత్రం ఆయన భార్య సాబిరాకి. ఆయనకి వారానికో కొత్త పిచ్చి పుట్టడం మొదలైంది. ఒక వారం చదరంగం. దూది ఏకడం మానేసి, పక్క కొట్టు అబ్బులుతో ఆడుతూ ఏనుగుల్నీ గుర్రాల్నీ పోగొట్టుకుంటూ కూర్చున్నాడు. ఇంకో వారం పొద్దున్నే పరుగు. లుంగీ ఎగ్గట్టి కాలవ గట్టున పరుగెడుతుంటే, ఏదో కొంప మునిగిందని వెనకాల నలుగురు పరుగెత్తారు. ఆ తర్వాత పక్షులు. ఆటపాక వెళ్ళి గూడబాతుల్ని చూసి, టోపీ మీద రెట్టతో తిరిగొచ్చి, అదేదో బిరుదులా ఊరంతా చూపించాడు. పచ్చిమిరపకాయ మానేస్తే కోపం తగ్గుతుందన్న నమ్మకం పట్టుకున్న వారమైతే ఇల్లంతా చప్పిడి కూడే. కోపం తగ్గలేదు సరికదా, సాబిరాకి రెట్టింపైంది.

ఇవన్నీ సరే, సాబిరా బాధ వేరే ఉంది. దారినపోయే ప్రతివాడినీ నిద్ర పట్టిందా అని అడిగే పెద్దమనిషి, కట్టుకున్నదాన్ని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. పరుపుల సాయిబుగారి భార్య పడుకునే పరుపులో దూది ఉండలు కట్టి ఏళ్ళయింది. నడుం కింద ఒక ఉండ, భుజం కింద ఒక ఉండ. ఆయన అడిగితే చెబుదామని ఆవిడ పంతం. ఆయన అడగడు, ఈవిడ చెప్పదు.

ఇలా ఉండగా, కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, ఇమాం సాహెబ్‌కి అన్నిటికంటే వింత పిచ్చి పట్టింది. కొట్టు అరుగు మీద చేతులు కట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. వంకాయలావిడ ఎదురుగా వెళితే పలకరించలేదు. ఏమైందని సాబిరా అడిగితే, "ఏ ఆసక్తీ లేకుండా ఉండడం ప్రాక్టీసు చేస్తున్నాను. కుదిరి చావడం లేదు. ఇందాకటినుంచి ఆ బల్లి మీద ఆసక్తి పుడుతోంది" అన్నాడు దిగులుగా.

సాబిరాకి గుండెల్లో రాయి పడింది. చెంగు దోపుకుని నెట్ సెంటర్‌కి వెళ్ళి, మా ఆయన్ని ఏం చేశారో చెప్పమని నిత్యానందాన్ని నిలదీసింది. అతను అసలు సంగతి బయటపెట్టాడు.

సాహెబ్‌గారు మొదట పరిచయం రాసుకున్నప్పుడు ఒక్కరూ పలకలేదట. రోజూ వచ్చి, ఎవరైనా పలికారా అని అడిగి, లేదంటే నవ్వేసి వెళ్ళిపోయేవాడట. తర్వాత నిత్యానందంతో ఒక మాటన్నాడట: నాకు జరిగితే జరిగింది, ఇకమీదట ఈ గుంపులో ఎవరి పలకరింపూ ఊరికే పోకూడదు. అప్పటినుంచి కొత్తగా ఎవరు చేరినా జవాబు ఆయనదే.

"అయితే అబద్ధం రాయరండి, వదినగారూ. వాళ్ళు చదరంగం ఇష్టమంటే, ముందు ఈయన వెళ్ళి ఆడొస్తారండి. ఆ తర్వాతే 'నాకూ ఇష్టమండి' అని రాయిస్తారు" అన్నాడు నిత్యానందం. "ఇప్పుడు కలిదిండి నుంచి బాపిరాజుగారని ఒకాయన చేరారండి. చెరువులు పోయాయట. 'ఆసక్తులు: లేవు. నమ్మకాలు: ఉండేవి' అని రాశారండి. దానికి ఏమని జవాబు రాయాలో తెలియక ఈయన అలా అయిపోయారు."

సాబిరా ఇంటికొచ్చి, అరుగు మీదున్న మొగుడితో, "రాయడం రాకపోతే వెళ్ళి ఆయన పక్కన కూర్చోవచ్చు కదండీ. పదండి, నేనూ వస్తాను" అంది. మర్నాడు క్యారేజీలో పులిహోర సర్దుకుని ఇద్దరూ బస్సెక్కారు.

కలిదిండిలో తలుపు తీసింది బాపిరాజుగారి మనవరాలు ప్రసన్న. తాతగారికి తోచుబడి కావడం లేదని పరిచయం రాయించింది తనేనట. "పైకి అనరు గానీ, ఎవరైనా పలికారా అని రోజూ అడుగుతున్నారండి" అంది మెల్లగా. సాబిరా మొగుడి మొహం చూసింది. ఆయన అప్పటికే మేడ వెనక్కి నడుస్తున్నాడు.

బాపిరాజు తెగిన గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇమాం సాహెబ్ పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం పరిచయం అప్పజెప్పాడు. నిద్ర బాగా పట్టిందా అని కూడా అడిగాడు. రాజుగారు తల తిప్పలేదు. సరే అని ఈయనా పక్కన గట్టు మీద చతికిలబడ్డాడు. అలా చాలాసేపు గడిచింది. సాబిరాకి పులిహోర మీద బెంగ పట్టుకుంది.

ఇంతలో గుంటలో మిగిలిన నీళ్ళలో ఒక చేప ఎగిరింది. "శీలావతి చేప బలే ఉందండి" అన్నాడు ఇమాం సాహెబ్.

రాజుగారి మెడ కదిలింది. "అది బొచ్చె" అన్నాడు.

"తల అంత పెద్దదుంది, శీలావతే అయ్యుంటుందండి" అన్నాడు ఈయన, వినయంగా, మొండిగా.

ఇక ఆపితే ఒట్టు. రాజుగారు కుర్చీలోంచి లేచి, తల పెద్దదైతే బొచ్చె ఎలా అవుతుందో, పిల్ల వేసిన దగ్గర్నుంచి వల వేసి పట్టేదాకా దేన్ని ఎలా మేపాలో, నీళ్ళ రంగు చూసి చేప ఆరోగ్యం ఎలా చెప్పాలో ఏకరువు పెట్టాడు. ఈయన ప్రతి దానికీ ఒక తప్పు మాట అనడం, ఆయన నెత్తి కొట్టుకుని సరిదిద్దడం. పులిహోర తింటూ కూడా ఆపలేదు. చివరికి, "మీలాంటి అజ్ఞానిని నా జన్మలో చూడలేదండీ సాహెబ్‌గారూ, ఆదివారం మళ్ళీ రండి" అన్నాడు. వెనకాల ప్రసన్న చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

తిరుగు బస్సులో సాబిరా ఉండబట్టలేక అడిగింది.

"నలభై ఏళ్ళుగా చేపల పులుసు తింటున్నారు. బొచ్చెకీ శీలావతికీ తేడా తెలియదూ మీకు?"

ఇమాం సాహెబ్ కిటికీలోంచి చూస్తూ, "అబద్ధం రాయనన్నాను గానీ సాబిరా, ఆడనని ఎప్పుడన్నాను?" అన్నాడు.

ఇలాంటి మనిషిని తనకిచ్చినందుకు సాబిరా ఆ బస్సులోనే దేవుడికి మొక్కుకుంది. మొక్కుకుంది కదా అని పంతం మాత్రం వదల్లేదు. ఆదివారం ఆయన కలిదిండి వెళ్ళగానే, తను నెట్ సెంటర్‌కి వెళ్ళి నిత్యానందం ఎదుట కూర్చుని చెప్పింది: "పేరు: సాబిరా. ఊరు: ఏలూరు. ఆసక్తులు: ఎవరైనా టీ పెట్టి ఇస్తే మంచం మీద కూర్చుని తాగడం. నమ్మకాలు: నన్ను కూడా ఎప్పటికో అప్పటికి అడుగుతారని." నిత్యానందం వేళ్ళు వాచాయని అనలేదు.

ఆ పరిచయం ఇమాం సాహెబ్ ఎప్పుడు చూశాడో ఆవిడకి చెప్పలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే వంటింట్లో గిన్నెలు దొర్లిన చప్పుడుకి ఆవిడకి మెలకువ వచ్చింది. మంచం ముందు ఆయన నిలబడి ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు గ్లాసులతో, కొత్తవాళ్ళ ఎదుట నిలబడినట్టు.

"నా పేరు ఇమాం సాహెబ్ అండి" అన్నాడు. "పరుపులు కుడతానండి. నాకూ మంచం మీద టీ తాగడమంటే ఆసక్తేనండి, నిన్న అబ్బులు వాళ్ళింట్లో తాగి చూశాను. ఇంతకీ మీకు రాత్రి నిద్ర బాగా పట్టిందాండి?"

సాబిరా గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. అల్లం ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లం వల్లేనని ఇప్పటికీ వాదిస్తుంది.

"ఏం పట్టడమండీ" అంది. "పరుపులో ఉండలు. మీకు తెలిసిన పరుపులాయన ఎవరైనా ఉన్నారాండి?"

ఆ రోజు కొట్టు మధ్యాహ్నం దాకా తెరవలేదు. వంకాయలావిడ వచ్చి చూస్తే, పెరట్లో సాహెబ్‌గారు నిలువెల్లా దూది అంటించుకుని, పరుపు విప్పి ఏకుతున్నాడట. మంచం మీద సాబిరా రెండో గ్లాసు టీ తాగుతోందట.