బీరువాలో బూట్లు

చైతన్యపురిలోని ఆ జూనియర్ కాలేజీకి బాపిరాజు వైస్ ప్రిన్సిపాల్. నడుస్తూ స్టీలు స్కేలుతో ప్యాంటు మీద కొట్టుకుంటాడు. ఆ చప్పుడు వినగానే స్టడీ అవర్‌లో తలలన్నీ వంగిపోతాయి. "ర్యాంకు తెచ్చేది తలకాయరా, కాళ్ళు కాదు" అని ఫుట్‌బాల్ జట్టు బూట్లన్నీ లాక్కుని తన గదిలోని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు సీజనంతా వేరే కాలేజీల వాళ్ళ బూట్లు అడుక్కుని ఆడి, కప్పు గెలిచారు. మెట్రో స్టేషన్ పక్కన కట్టే ఫ్లెక్సీకి ఫొటో తీసే రోజున వాళ్ళ కాళ్ళకేసి చూసి మొహం చిట్లించాడు. "చెప్పులతో నిలబడతార్రా? కాలేజీ పరువేం కావాలి?" అంటూ బీరువా తెరిచాడు. కప్పు మాత్రం తనే పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. ఫొటో అయ్యాక కెప్టెన్ సాయినాథ్ మెల్లగా అడిగాడు: "సార్, బూట్లు ఇగ మా దగ్గర్నే ఉంచుకుంటం." బాపిరాజు చంకలోని కప్పు దించకుండానే స్కేలుతో బీరువా చూపించాడు. "విప్పండి. రేపు టెస్టుంది."