మగ్గం మీద ఆడే కాళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ విసుగు తెప్పించినవి మా తాతయ్య కాళ్ళు. పెడనలో మా వీధంతా నేతవాళ్ళదే. మా మగ్గం వాకిలికి అవతల, చిన్న పాకలో ఉండేది. తాతయ్య మగ్గం కింది గుంటలోకి కాళ్ళు దించి కూర్చున్నారంటే పాదాలు తొక్కుడు కర్రల మీద ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉండేవి. ఆయన్నే లేచి నడవమంటే మాత్రం రెండు పాదాలూ నేలకు అతుక్కుపోయేవి. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే వణికేది, నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు పట్టుకుంటే ఊరుకునేది.

నాన్న ఆయన్ని రైల్లో బందరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుగారికి చూపించారు. నేనూ వెంట వెళ్ళాను. ఇది నరాల జబ్బనీ, నెమ్మదిగా పెరగడమే గాని తగ్గడం ఉండదనీ, ఇంట్లోవాళ్ళు ఓపిక పట్టాలనీ ఆయన చెప్పారు. తిరుగు రైల్లో నాన్న, "ఆ ఓపిక ఏ కొట్లో దొరుకుతుందో కూడా రాసిచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. తాతయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఆ కబురు తెలిశాక వీధిలో ప్రతివాళ్ళూ వైద్యులైపోయారు. ఒకరు ఆముదం మర్దనా చెయ్యమన్నారు, ఒకరు తాయెత్తు తెచ్చారు, ఇంకొకరు పావురం కూర పెట్టమన్నారు. అన్నీ చేశాం. కాళ్ళు వాటి ఇష్టం వచ్చినట్టే ఉన్నాయి. పక్కింటి మావయ్య అరుగు మీద కూర్చుని, "మగ్గం ఎక్కితే గుర్రంలా తొక్కుతాడు, వీధిలోకి రమ్మంటే పాతేసిన గుంజలా నిలబడతాడు. మనసున్న చోట కదిలి మనసు లేని చోట కదలని కాళ్ళా, అత్తా?" అని మా నాయనమ్మను ఆటపట్టించేవాడు. ఆవిడ చేతిలో ఏది ఉంటే అది ఎత్తేది అతని మీదికి.

నిజానికి నా అనుమానమూ అదే. నేను బడి మొహం చూడలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ, పోగులు లెక్కపెట్టుకుంటూ నాకు నేనుగా లెక్కలు నేర్చుకున్నదాన్ని. అవే కాళ్ళు, అదే మనిషి, అదే పూట. జవాబు మాత్రం రెండు రకాలుగా వస్తోంది. అలాంటప్పుడు ఎక్కడో అబద్ధం ఉండి తీరాలనేది నా లెక్క.

నాన్నకు మరో చిక్కు. జబ్బు మనిషి చేత నేయిస్తున్నాడని వీధి ఆయన్ని తిట్టింది. తాతయ్య మగ్గం దిగితే దొంగవేషం అన్నారు, ఎక్కితే మొండితనం అన్నారు. చివరికి నాన్న విసిగిపోయి, ఎల్లుండి మగ్గం విప్పేస్తానని చెప్పేశారు. ఆ మాట విన్నాక తాతయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయారు.

మర్నాడు పొద్దున చద్దన్నం తిని పాకకు బయల్దేరిన తాతయ్య వాకిలి మధ్యలో ఆగిపోయారు. ఎండ చురుక్కుమంటోంది. నాన్న ఎడమ కాలు వెయ్యమన్నారు, పక్కింటి మావయ్య కుడికాలన్నాడు. అమ్మ గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేను చొక్కా పట్టుకుని లాగాను. మేం అరిచేకొద్దీ ఆయన ఇంకా బిగుసుకుపోయారు. మొహంలో ఏ భావమూ లేదు. కళ్ళలో మాత్రం నీళ్ళున్నాయి.

నాయనమ్మ చాట కింద పడేసింది. "అరవండి, అరవండి! నేలే భయపడి కదుల్తుందేమో!" అని పాకలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలి నుంచి మగ్గం చప్పుడు మొదలైంది. టక్కు, టక్కు. ఆవిడకు నేత అంతంత మాత్రమే వచ్చు. అయినా ఆ చప్పుడు లయ తప్పకుండా, ఒకే నడకలో వచ్చింది. మేం ఆశ్చర్యంతో నోళ్ళు మూశాం.

తాతయ్య కుడిపాదం లేచింది. టక్కుమన్నప్పుడల్లా ఒక అడుగు పడింది. ఎవరూ పట్టుకోలేదు. వాకిలి దాటి, పాక గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, "ఇక లే. పోగులన్నీ తెంపేస్తున్నావు" అన్నారు. నాయనమ్మ గుంటలోంచి లేస్తూ, "తెంపానా? కట్టుకో. నీకింకేం పని?" అంది. ఇద్దరూ చాలాసేపు పోగుల గురించే పోట్లాడుకున్నారు.

మగ్గం విప్పే మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు. అలా నడిపించవచ్చని నీకెలా తెలుసని నాయనమ్మను అడిగితే, "తెలియడానికేముంది? మీ అరుపులు వినలేక వెళ్ళి కూర్చున్నాను" అంది. అయినా ఆ రోజు నుంచి తాతయ్య ఎక్కడ ఆగిపోయినా ఆవిడ లాగలేదు, అరవలేదు. గోడ మీద కండెతో కొట్టేది. జబ్బు డాక్టరుగారు చెప్పినట్టే పెరిగింది. కొన్నాళ్ళకు చేతులు కూడా మగ్గాన్ని వదిలేశాయి. చివరి రోజుల్లో మంచం మీది నుంచి లేపాలన్నా ముందు ఆ చప్పుడే చేసేవాళ్ళం.

ఇప్పుడు నాకూ వయసు మీద పడుతోంది. వీధిలో వాళ్ళు తమ చిట్టాలూ వాటాలూ సరిచూడమని నా దగ్గరకు వస్తారు. లెక్క పొసగనప్పుడు ఎదుటి మనిషి అబద్ధమాడుతున్నాడని వెంటనే అనేయను. నాకు తెలియనిది ఇంకేదో ఉండి ఉంటుందని మళ్ళీ మొదటి నుంచి వేస్తాను. అలా వేస్తున్నంతసేపూ నా వేలు పలక అంచు మీద టక్కు, టక్కుమని కొడుతూనే ఉంటుంది.