జెండా బిగించిన నాలుగు స్క్రూలు

చెమ్మ ఎక్కడుందో కనిపెట్టడంలో డెస్మండ్ థాక్రేని మించినవాడు ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతం మొత్తంలో లేడు. ఈ మాట అన్నది ఎవరో కాదు, డెస్మండే. ముప్పై ఒక్కేళ్ళు రోథరమ్‌లో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాక, మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న పాత మోటార్‌హోమ్ ఒకటి కొని, భార్య గ్లెనిస్‌తో కలిసి అలాంటి బండ్లవాళ్ళ క్లబ్బులో చేరాడు. పదిహేను రోజులకోసారి ఎవరో ఒక రైతు పొలంలో ఇరవై బండ్లు గుండ్రంగా ఆగుతాయి. వానైనా, చలైనా సరే. డెస్మండ్ చెమ్మ కొలిచే మీటరు పట్టుకుని బండి బండికీ తిరిగేవాడు. అది కీచుమందంటే ఆ బండివాళ్ళ ముఖాన కత్తివాటుకు నెత్తుటి చుక్క ఉండేది కాదు. ఒక్కసారి నీరు లోపలికి దూరిందా, గోడలో చెక్క కుళ్ళి బండి గుల్లయిపోతుంది మరి.

మూడేళ్ళ కిందట క్లబ్బు అతన్ని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ సంబరంలో క్లబ్బు జెండా ఎగరేయడానికి తన బండి వెనక మూలన ఇనప గొట్టం ఒకటి బిగించాడు. ఏడాది తిరిగేసరికి ఆ మూలనే లోపలి గోడ మీద గోధుమరంగు మచ్చ పడింది. మీటరు పెడితే కీచుమంది.

"నీ కెటిలే!" అన్నాడు డెస్మండ్. "పొద్దున లేస్తే మరుగుతూనే ఉంటుంది. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుందనుకున్నావ్? గోడలోకే!"

"అందరూ మరగబెట్టుకుంటున్నారు కదా?"

"అందరూ నీలా రోజుకి ఆరుసార్లు పెట్టరమ్మా తల్లీ."

ఆ ఆరింటిలో నాలుగుసార్లు అడిగి పెట్టించుకునేది తనే. ఆ లెక్క మాత్రం చెప్పడు, మహానుభావుడు!

ఆనాటి నుంచి గ్లెనిస్ కెటిల్ బయటికి తెచ్చుకుని, గాలికి అడ్డం కట్టిన గుడ్డ చాటున చిన్న గ్యాసు పొయ్యి మీద టీ పెట్టేది. రెండు చలికాలాలు అలాగే గడిచాయి. చలికి ఆవిడ వేళ్ళ కొసలు మైనంలా తెల్లబడి, కప్పు పట్టుకుంటే పట్టు తెలిసేది కాదు. అది చాలనట్టు, ఆదివారం పొద్దున క్లబ్బువాళ్ళంతా కప్పులు పట్టుకుని జెండా కింద చేరినప్పుడు డెస్మండ్ దాన్నే పాఠం చేసి చెప్పేవాడు. "మా ఆవిడ కెటిల్‌తో బండిని ముంచేసింది, మీరు జాగ్రత్త!" అందరూ పడీపడీ నవ్వేవారు. గ్లెనిస్ కూడా నవ్వేది, కప్పులోకి చూసుకుంటూ.

ఈ మార్చిలో బండిని ఇంటి ముందు నిలబెట్టి ఆ మూల గోడ పలక ఊడదీశాడు. కింది చెక్క పాలల్లో ముంచిన రొట్టెలా చేతికి ఊడివచ్చింది. ఆవిరి పని అయితే పలకకు ఈవైపు, అంటే గదివైపు, బూజు పట్టాలి. ఇక్కడ ఈవైపు పొడిగానే ఉంది, నలుపంతా బయటి గోడవైపే. నల్లటి చార వెంబడి వేలు పైకి పోనిచ్చాడు. చార ఆగిన చోట నాలుగు తుప్పు పట్టిన స్క్రూ మొనలు కనిపించాయి. జెండా గొట్టానివి. ఎప్పటికీ ఎండిపోని బంక పట్టీ వేసి బిగించాల్సిన చోట, ఆ రోజు తొందరలో బాత్‌రూమ్ పనిలో మిగిలిన తెల్ల గమ్ము పూసి సరిపెట్టాడు. ఆ పని ఇంకెవరైనా చేస్తే పదిమందిలో కడిగేసేవాడు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని ఊరికే అన్నారా?

"ఏం తేలింది?" వంటింటి గుమ్మంలోంచి గ్లెనిస్ అడిగింది.

"ఆఁ... ఇంకా చూడాలి," అంటూ స్క్రూలు ఊడదీసి జేబులో వేసుకున్నాడు, తేలు కుట్టిన దొంగలా.

మూడు వారాలు హీటరు పెట్టి ఆరబెట్టాడు. కుళ్ళినంత మేరా కోసి కొత్త చెక్క అతికించాడు. గొట్టం తీసేసి, కంతలు పూడ్చి, కొత్త పలక బిగించాడు. పని ఎంత శుభ్రంగా చేశాడంటే ఇక బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. కానీ స్క్రూలు పారేయడానికి చెయ్యి రాలేదు. జేబులో వేళ్ళకు తగిలినప్పుడల్లా సిగ్గుతో చెవులు కాలిపోయేవి. భోజనాల దగ్గర గ్లెనిస్ చేతుల వంక చూడలేకపోయేవాడు.

ఏప్రిల్‌లో మళ్ళీ పొలానికి వెళ్ళారు. ఆదివారం పొద్దున తుంపర పడుతోంది. గ్లెనిస్ వానకోటు తొడుక్కుని కెటిల్ అందుకుంది.

"లోపలే పెట్టు గ్లెనిస్," అన్నాడు.

"ఎందుకులే. ఇన్నాళ్ళు చచ్చీచెడీ బాగుచేశావ్. మళ్ళీ నా వల్ల పాడవ్వాలా?"

అందులో దెప్పిపొడుపు లేదు. నిజంగా తన వల్లేనని నమ్మి అన్నది. డెస్మండ్‌కి తల కొట్టేసినట్టయింది.

తర్వాత అందరూ చేరారు. క్లబ్బులో పాతకాపు రాయ్ కిచింగ్ కంచెకు కట్టిన జెండా చూసి, "ఏమోయ్ డెస్, నీ గొట్టం ఏమైంది? గ్లెనిస్ టీకి అది కూడా కరిగిపోయిందా?" అన్నాడు. గొల్లున నవ్వారు. గ్లెనిస్ కప్పులోకి చూసుకుంది.

డెస్మండ్ నాలుగు స్క్రూలూ తీసి బిస్కెట్ల డబ్బా పక్కన పెట్టాడు.

"కెటిల్ కాదు. ఇవి. జెండా కోసం నేనే బిగించాను, తప్పుగా బిగించాను. మార్చిలోనే చూశాను. చూసి దాచాను. రెండేళ్ళు ఈవిణ్ణి చలిలో నిలబెట్టి, పైగా మీ అందరి ముందూ నవ్వులపాలు చేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. తప్పయిపోయింది గ్లెనిస్."

ఒక్కరూ నవ్వలేదు. రాయ్ ఖాళీ కప్పులో చెంచా తిప్పుతూ ఉండిపోయాడు. గ్లెనిస్ స్క్రూల వంక చూసి, బండి వైపు నడిచింది.

అతను వెనకే వెళ్ళేసరికి ఆవిడ వానకోటు విప్పేసి, కెటిల్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నాకు టీ కావాలి."

"ఇప్పుడే పెడతా, ఇలా తే, లోపల పొయ్యి..."

"లోపలొద్దు. బయట."

కెటిల్ చేతిలో పెట్టి తలుపు వేసుకుంది.

గుడ్డ చాటున చతికిలబడి గీసిన అగ్గిపుల్లలు మూడు ఆరిపోయాయి. నాలుగోది అంటుకుంది. వానకోటు కూడా లేదు, వీపు తడుస్తోంది. ఆ గాలిలో నీళ్ళు మరిగి కెటిల్ ఈల వేయడానికి పదకొండు నిమిషాలు పడుతుందని డెస్మండ్‌కి ఆ రోజే తెలిసింది.