వైశాలి మేడం వెనక చేతులు

ఇబ్రహీంపట్నం దవాఖానలో మత్తు డాక్టర్ వైశాలి, నేర్చుకునే డాక్టర్లకు పని చూపించేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. "ముందుంటే వీళ్ల చేతుల్లకెల్లి స్కానింగ్ ప్రోబ్ గుంజుకుంటయి" అని ఒకసారి నర్సు కరుణతో అంది. ఎదుటివాళ్లకు ఆమె నిమ్మళమైన ముఖమే కనిపిస్తుంది. వెనక నిలబడే కరుణకు మాత్రం ఆ చేతులు కనిపిస్తాయి. అవి ఒక్క క్షణం ఊరుకోవు.

ఈ రోజు ఒక చేత సూది, ఇంకో చేత ప్రోబ్ పట్టుకున్నది నేర్చుకునే డాక్టర్ మహిధర్. అతనికిదే మొదటిసారి. బోరు మోటారు మీదపడి పాదం నలిగిన మంచాల ఊరి రైతు జానయ్య పక్కకు తిరిగి పడుకున్నాడు. పాదం మొద్దుబారాలంటే మోకాలి వెనక నరం చుట్టూ మందు పడాలి. సూది నరంలోకే దిగితే కాలికి ముప్పు. మహిధర్ స్కానింగ్ తెర వదిలేసి చేతిలోని సూదినే చూస్తూ తోస్తున్నాడు.

"సూది కొన కనబడుతుందా?" అంది వైశాలి.

"లేదు మేడం."

"మరెందుకు తోస్తున్నవ్? ఆగు."

వెనక ఆమె మణికట్టు, లేని ప్రోబ్‌ను పట్టుకున్నట్టు, రవ్వంత వంగింది. మహిధర్ తలెత్తి తెర చూశాడు, ప్రోబ్‌ను అటే వంచాడు. తెర మీద సూది తెల్లని గీతలా తళుక్కుమంది. మందు నల్లగా నరం చుట్టూ అల్లుకుంది.

కాసేపాగి వైశాలి జానయ్య మడమను గట్టిగా గిల్లింది. "నొప్పుందా బాపు?"

"ముందుగాల ముట్టు బిడ్డా, తర్వాత అడుగు."

"పర్వాలేదు" అంది వైశాలి మహిధర్‌తో, ముఖం కదలకుండా. చేతులు మళ్లీ వెనక్కి పోయాయి. అక్కడ అవి శభాష్ అని షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నట్టు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిగా ఊపుకోవడం కరుణ ఒక్కతే చూసింది.