పాపకి కోచింగ్ ఇచ్చాం

ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీద అంటే చాలామంది మీద. ముందు నా మీద, ఆ తర్వాత మా ఆయన మీద. మిగతావాళ్ళంతా మా వెనకే.

మేం కెనడాలో ఒషావా వచ్చిన ఏడాది ఊరినిండా స్టూడెంట్లే. బస్సెక్కితే తెలుగు, ఇండియన్ షాపుకెళ్తే తెలుగు, నా క్లాసులో సగం తెలుగు. వాళ్ళకి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు. నాకు ముప్పై మూడు. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు చేసిన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వదిలేసి నేను స్టడీ పర్మిట్ మీద వచ్చాను. నా చదువు ఆధారంగా ఓపెన్ వర్క్ పర్మిట్ తీసుకుని, ఇంజనీరైన మా ఆయన వచ్చి గోడౌన్‌లో చేరాడు. ఆయన చంకలో మూడేళ్ళ పాప. ఇక్కడే ఉండిపోవడానికి పి.ఆర్. రావాలంటే ఇదే దగ్గర దారని మా కన్సల్టెన్సీ అతను చెప్పాడు. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో ఏం అడుగుతారో, ఏం చెప్పాలో అతనే రాసిస్తే బట్టీ పట్టి వచ్చినవాళ్ళం మేం. మా క్లాసులో చాలామంది అంతే.

పాపకి ఆటిజం అని హైదరాబాద్‌లోనే చెప్పారు. ఒషావాలో మామూలు ప్రీస్కూల్లోనే సీటు దొరికింది. అయితే అలాంటి పిల్లలకి పక్కనే ఉండి చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక టీచర్ని ఇస్తారనీ, స్పీచ్ థెరపీలో ముందు చోటిస్తారనీ తెలిసింది. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఒకావిడ వచ్చి పాపని చూస్తుందట. దాన్ని అసెస్‌మెంట్ అంటారు. ఆ మాట వినగానే మా ఇద్దరి బుర్రల్లో ఒకటే వెలిగింది: పరీక్ష!

మా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో అడిగాను. అంతకుముందే తన కొడుక్కి అసెస్‌మెంట్ చేయించిన ఒకావిడ పది నిమిషాల్లో మొత్తం టైపు చేసి పంపింది. చెక్కముక్కలతో టవర్ కట్టమంటారు, ఆకారాల పజిల్ ఇస్తారు, పుస్తకం తెరిచి బాతేది, బంతేది అంటారు. చివర్న, "ఆల్ ది బెస్ట్ అక్కా, మీ పాప ఈజీగా క్రాక్ చేసేస్తుంది!"

మా ఆయన టెన్త్‌లో స్కూల్ ఫస్టు. ఆ సంగతి ఆయన మర్చిపోడు, మనల్ని మర్చిపోనివ్వడు. "ఏ పరీక్షకైనా ప్యాటర్న్ తెలిస్తే సగం పాసైనట్టే. మూడు వారాలు చాలు," అన్నాడు. అదే పజిల్ కొన్నాడు. బాతు, బంతి, త్రిభుజం, షడ్భుజి, అన్నిటికీ కార్డులు తయారు చేశాడు. కరెక్టుగా చూపిస్తే ఒక కిస్‌మిస్ పండు. ఆయన షిఫ్టుకెళ్తే నేను కూర్చునేదాన్ని. పాప ఏడ్చినా వదల్లేదు. ఈ పరీక్ష పాసైతే ఏం వస్తుంది, ఫెయిలైతే ఏం వస్తుంది అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఇద్దరిలో ఒక్కరమూ అనుకోలేదు. సిగ్గు లేదూ!

జులైలో అసెస్‌మెంట్ చేసే ఆవిడ వచ్చింది. జుట్టు నెరిసిన, నెమ్మదైన మనిషి. పాప టవర్ కట్టింది. పజిల్ పెట్టింది. బాతుని చూపించింది, కిస్‌మిస్ కోసం చెయ్యి చాపింది. నలభై నిమిషాల్లో అయిపోయింది. వెళ్తూ వెళ్తూ మమ్మల్ని నింపమని ఒక ఫారం ఇచ్చింది. పాప ఏవేం చేయగలదో అందులో టిక్కు పెట్టాలి. మా ఆయన అన్నిటికీ "ఎప్పుడూ చేస్తుంది" అనే గడిలో పెట్టుకుంటూ పోయాడు. "ఇది చెయ్యదు కదండీ," అంటే, "మొన్న ఒకసారి చేసిందిగా," అన్నాడు. నేను ఊరుకున్నాను.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. పాప నైపుణ్యాలు బాగున్నాయి, ప్రస్తుతానికి ప్రత్యేక టీచర్ అవసరం లేదు, థెరపీకి అందరితోపాటు వెయిటింగ్ లిస్టులో ఉండండి, ఏడాది తర్వాత మళ్ళీ చూస్తాం. మా ఆయన దాన్ని పైకి చదివి వాళ్ళమ్మగారికి వీడియో కాల్ చేశాడు. నేను సేమియా పాయసం చేశాను. రెండుసార్లు పెట్టుకుని తిన్నాను కూడా.

సెప్టెంబరులో ప్రీస్కూల్ మొదలైంది. పదహారు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. రెండో వారం నుంచీ ఫోన్లు. నేను ల్యాబులో ఉండగా, సరిగ్గా పదింటికి. "ఈరోజు తనకి కొంచెం కష్టంగా ఉంది. వచ్చి తీసుకెళ్ళగలరా? సారీ." ఎంత తియ్యటి గొంతో! తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టడానికి వీలుండేది. క్లాసు వదిలి, రెండు బస్సులు మారి వెళ్ళేసరికి పాప కోటు తొడుక్కుని తలుపు పక్కన కుర్చీలో ఒక్కతే ఉండేది. లోపల మిగతా పదిహేను మందీ పాటలు పాడుకుంటూ ఉండేవాళ్ళు. నా అటెండెన్స్ పడిపోయింది. థెరపీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "మీ పాప అసెస్‌మెంట్ చాలా బాగుంది కదా," అంది అక్కడి అమ్మాయి. ఫోన్ విసిరికొట్టబోయి, కొత్తది కొనే శక్తి లేక ఆగాను.

అక్టోబరులో పాప తలని పిడికిలితో కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకవైపే. ప్రీస్కూల్ వాళ్ళు రోజూ నోట్‌బుక్కులో "బిహేవియర్" అని రాసి పంపారు. మూడో రోజు, కొంచెం కుదుటపడేదాకా పంపకండి అన్నారు. మొండితనం పెరుగుతోందని మా ఆయన అరిచాడు. నేను చెయ్యి కూడా చేసుకున్నాను. రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ చేసుకున్నాను.

నాలుగో రోజు పొద్దున చూస్తే తలగడ మీద పసుపు మరక. చెవిలోంచి చీము. ఎత్తుకుని, అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాకిన్ క్లినిక్‌కి పరిగెత్తాం. డాక్టర్ అయిదు సెకన్లు చూశాడు. ఇన్‌ఫెక్షన్ ముదిరి కర్ణభేరికి చిల్లు పడింది. "ఇంత నొప్పి ఉంటే చెప్పలేదా?" అన్నాడు. అప్పుడే పాప గోడమీది పోస్టర్లో ఆరు మూలల బొమ్మ చూపించి "హెక్సగన్" అంది. కిస్‌మిస్ కోసం చెయ్యి చాపింది.

షడ్భుజి నేర్పాం దానికి. నొప్పి అనే మాట నేర్పలేదు. ఏడుస్తున్నా వదలకుండా మూడు వారాలు కూర్చోబెట్టి, ఇద్దరు ఇంజనీర్లం, ఆ ఒక్క మాట నేర్పలేదు!

ఇంటికొచ్చాక, వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. మా ఆయన మొహం తెల్లబోయింది.

"ఏమని చెప్తావ్? పేపర్ లీకయ్యిందనా? ఫ్రాడ్ అని మన ఫైల్లో రాసుకుంటే? పి.ఆర్. సంగతేంటి?"

పెళ్ళైన ఏడేళ్ళలో నేను ఆయన్ని "మీరు" తప్ప ఇంకోలా పిలవలేదు. ఆ రోజు పోయింది ఆ మర్యాద. "నీ పి.ఆర్. నెత్తిన పెట్టుకుని ఊరేగు! పిల్ల చెవిలో చీము కారుతుంటే నీకు ఫైలు కనిపిస్తోందా? నువ్వసలు మనిషివేనా?" అన్నాను. ఆయన లేచి షర్టు మార్చుకున్నాడు. "పద, నేనూ వస్తా," అన్నాడు.

ఆ నెరిసిన జుట్టావిడ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. గ్రూపులో ప్రశ్నలు దొరకడం, కార్డులు, కిస్‌మిస్, ఫారంలో అబద్ధాలు. ఆవిడ, "సాయం అక్కర్లేదు అనిపించుకోవాలని ఎందుకు అనుకున్నారు?" అని అడిగింది. నిజంగా అర్థంకాకే అడిగింది.

"మేం పెరిగిన చోట, వచ్చు అంటేనే లోపలికి రానిస్తారు. రాదు అంటే బయటే," అన్నాను. అక్కడితో ఊరుకోలేదు. తప్పు మాదే, ఒప్పుకున్నాను, కానీ నా కోపం చల్లారలేదు. "మీరు నలభై నిమిషాలు కూర్చున్నారు. పాప ఒక్కసారైనా మా మొహం చూడలేదు. మీకు కనబడలేదా? ఇద్దరు భయపడ్డ తల్లిదండ్రుల నాటకం కనిపెట్టలేకపోతే మీ చదువులన్నీ దేనికి?" ఆవిడ మొహం ఎర్రబడింది. "అవును, నేను చూడాల్సింది," అంది. నేను ఎదురుచూడని జవాబది.

కొత్త ఫారం తీసి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. పిలిస్తే చూస్తుందా? తోటిపిల్లలతో ఆడుతుందా? నేను లేదంటుంటే మధ్యలో మా ఆయన, "యాక్చువల్‌గా కొన్నిసార్లు..." అన్నాడు. "మీరు కాసేపు నోరు మూసుకోండి," అన్నాను తెలుగులో. అలా "మీరు" మళ్ళీ తిరిగొచ్చింది.

తర్వాతి ప్రశ్న, ఎక్కడైనా నొప్పి పుడితే చెప్పగలదా అని. ఈసారి నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "లేదు," అన్నాడు. అంటూనే రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. స్కూల్ ఫస్టు.

ప్రత్యేక టీచర్ జనవరిలో వచ్చింది. ఈలోగా మూడు నెలలు పాప ఇంట్లోనే ఉంది, నేను ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను. ఆ టీచర్ బాతులూ త్రిభుజాలూ పక్కన పెట్టేసింది. ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుని, తనకి బాధ ఉన్నచోట పెట్టడం నేర్పింది. రోజూ అదొక్కటే. రెండు నెలలైనా ఏమీ జరగకపోతే ఆవిడ మీద కూడా విసుక్కున్నాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం పాపతో బస్టాపులో నిలబడ్డాను. మంచు కరిగి రోడ్డంతా బురద. పాప నా చెయ్యి లాగింది. "ఉండమ్మా, బస్సొస్తోంది," అన్నాను. మళ్ళీ లాగింది. వంగాను. నా అరచేతిని తీసుకెళ్ళి తన ఎడమకాలి బూటు మీద పెట్టి, గట్టిగా అదిమిపట్టుకుంది.

ఆ బురదలోనే కూర్చుని బూటు లాగాను. రాలేదు. బలంగా లాగితే వచ్చింది. లోపల చోటు చాలక వేళ్ళు ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయి. బొటనవేలి గోరు నల్లబడింది, మడమ దగ్గర తోలు ఊడి సాక్సుకి అంటుకుంది. బస్సొచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

ఆ బూట్లు నవంబరులో కొన్నాం. రోజూ పొద్దున వాటిని తొడిగింది నేనే.