నా బొమ్మల పుస్తకంలో ఆమె పేజీ

గుంటూరులో బి.ఎడ్. చదివేటప్పుడు నేను హాస్టల్లో ఉండేదాన్ని. మాది చీరాల. నాన్న జూనియర్ కాలేజీలో లెక్చరర్. మా గదిలో ముగ్గురం. కిటికీ పక్క మంచం నాది. తలుపు దగ్గరి మంచం చిలకలూరిపేట అమ్మాయిది, ఎప్పుడూ ఫోనులోనే ఉండేది. మధ్య మంచం మీద ఉన్న అమ్మాయిది దర్శి దగ్గర పల్లె. ఆమె గురించే ఇదంతా.

ఆమెకు నాన్న లేడు. తల్లి మిరప కోతలకు వెళ్లేది. ఈమె కూడా సెలవు రోజుల్లో మా కాలేజీకి రెండు వీధుల అవతల ఉన్న మిర్చి గోడౌనులో తొడిమలు తీసే పనికి పోయేది. సాయంత్రం వచ్చేసరికి వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉండేవి. మెస్సులో మజ్జిగ అడిగి గిన్నెలో పోయించుకుని చేతులు అందులో ముంచి కూర్చునేది. ఆ బట్టలు గదిలోకి తెచ్చేది కాదు. మాకు తుమ్ములొస్తాయని మేడ మీదే తడిపి, అక్కడే ఆరేసి వచ్చేది. అయినా తుమ్ములొచ్చేవి. వచ్చినప్పుడల్లా ఆమె "సారీనే" అనేది.

రెండో సెమిస్టరులో నాకు బొమ్మల డైరీ పిచ్చి పట్టింది. ఎవరో అమ్మాయి వీడియోల్లో పాత పుస్తకానికి రంగులేసి, గుడ్డ ముక్కలు అంటించి, మధ్యమధ్యలో మనసులో మాటలు రాసుకుంటూ చూపించేది. 'ఇది మీకోసం మీరు చేసుకునే పుస్తకం, ఎవరూ చూడరు, ఏమైనా వెయ్యండి, ఏమైనా రాయండి' అనేది. ఆ మాట నాకు బాగా నచ్చింది. నా డిగ్రీ రికార్డు పుస్తకం ఒకటి సగం ఖాళీగా ఉంది, ఒకవైపు గీతలు, ఒకవైపు తెల్ల కాగితం. దాన్నే తీసుకున్నాను.

మొదటి పేజీ పాడైంది. నీళ్లు ఎక్కువై కాగితం ముడతలు పడింది. రెండోదీ అంతే. మధ్య మంచం అమ్మాయి చూసి, "ఇటియ్యి" అంది. ఫెవికాల్‌లో తెల్ల పోస్టర్ కలర్ కలిపి గీతల మీద పల్చగా పూసింది. ఆరాక గీతలు లేవు, కాగితం గట్టిపడింది. ఇంకో పేజీకి మెస్సులో మిగిలిన టీ డికాషన్ పట్టించి ఎండలో పెట్టింది. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే పేజీ నిండా పూలు పడ్డాయి. కాలేజీ గేటు ఎదుటి టైలరు దగ్గర మంగళగిరి చీరల జరీ అంచు ముక్కలు అడిగి తెచ్చింది. నెల తిరిగేసరికి పుస్తకం లావెక్కి మూత పడటం మానేసింది. లంగా నాడా ఒకటి కోసి కట్టుకున్నాను.

ఆమె చేసిన పేజీలు ఆమెవిగా ఉండేవి, నావి నావిగా ఉండేవి. తేడా నాకు తెలుసు. పైకి అనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె తల్లి చూడటానికి వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్లచీరలోనే బస్సెక్కి వచ్చినట్టుంది. నా మంచం మీద కూర్చోలేదు, ఎంత చెప్పినా నేల మీదే కూర్చుంది. సంచిలోంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి నాకిచ్చింది.

"మా పిల్ల ఫోన్లో చెప్పిందమ్మా, మీరేదో బొమ్మల పుస్తకం చేస్తన్నారంట. పనికొస్తాయేమో చూడండి."

విప్పితే ఎండిన మిరప తొడిమలు, గింజలు, దూది తీసేసిన పత్తికాయల డిప్పలు, రెండు పాలపిట్ట ఈకలు. తొడిమలన్నీ ఒకే పొడుగువి ఏరి, దారంతో కట్టింది. నేను పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కిటికీలో పెట్టాను. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఆవిడ చూస్తూనే ఉంది. "అవునమ్మా, కడుక్కోండి, మండుద్ది" అంది.

ఆ తర్వాతి వారం మా మెథడాలజీ మేడమ్ హాస్టల్ తనిఖీకి వచ్చి నా పుస్తకం చూశారు. నిలబడే పేజీలు తిప్పారు. బెండకాయ పూల దగ్గర ఆగారు, డికాషన్ పేజీ దగ్గర ఆగారు, జరీ అంచుతో చేసిన వాకిలి దగ్గర కళ్లజోడు సర్దుకుని మరీ చూశారు. నేను మూడు రోజులు కష్టపడి వేసిన సముద్రం పేజీని మాత్రం చూడకుండానే, రెండు పేజీలు అంటుకుని ఉన్నాయేమో అన్నట్టు వేలితో తోసేశారు.

"ఇవెవరు చేశారు?" అన్నారు పూల పేజీ మళ్లీ తీసి.

మధ్య మంచం అమ్మాయి తల వంచుకుంది. చిలకలూరిపేట అమ్మాయి ఆమె వైపు చూపించింది. మేడమ్ ఆమె భుజం తట్టి, "నీ చేతిలో కళ ఉందమ్మా" అని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి గదిలో కూర్చున్నాను. ఆమె నాకోసం పూత పూసి ఆరబెట్టి ఉంచిన పేజీ ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద ఒక పెద్ద ఎర్ర మిరపకాయ వేశాను. దానికి రెండు జడలు, ఉబ్బిన వేళ్లు, చేతిలో డస్టరు. మెడలో ఆమె వేసుకునే నల్లదారం, చిన్న శిలువ. కింద 'ఘాటు టీచరమ్మ' అని అందంగా రాశాను. 'ఈవిడ పాఠం చెబితే పిల్లలకు బుర్రకెక్కదు, ముక్కుకెక్కుతుంది' అని ఇంకో లైను. చుట్టూ అంచు కావాలనిపించింది. కిటికీలోంచి పొట్లం తీసి, ఆ తల్లి ఏరి కట్టిన తొడిమలు ఒక్కొక్కటే అంటించాను. నిజం చెప్పాలంటే ఆ పుస్తకంలో నేను చేసిన మంచి పేజీ అదొక్కటే. పోలిక అచ్చంగా కుదిరింది. చూసుకుని నవ్వుకున్నాను.

పది రోజులు ఎవరికీ చూపించలేదు. ఆ పది రోజులూ మధ్య మంచం అమ్మాయి నాతోనే తింది, తన కారప్పొడి సీసా నాకు జరిపింది, నాకు జ్వరమొస్తే ప్లేటులో అన్నం కలిపి తెచ్చిపెట్టింది. పదకొండో రోజు నేను పుస్తకాన్ని మంచం మీద ఆ పేజీ దగ్గర తెరిచి పెట్టి స్నానానికి వెళ్లాను. కట్టడానికి నాడా ఉంది. కట్టలేదు. గదిలో చిలకలూరిపేట అమ్మాయి ఒక్కతే ఉందని నాకు తెలుసు. ఆమె చేతిలో ఫోనుందనీ తెలుసు. తిరిగొచ్చేసరికి బొమ్మ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉంది. మధ్య మంచం అమ్మాయిది బటన్ల ఫోను, ఆ గ్రూపులో ఆమె లేదు.

మర్నాడు ఆమె మైక్రో టీచింగ్. ఆరు నిమిషాల పాఠం. మేమే విద్యార్థులం, సారు వెనక కూర్చుని మార్కులేస్తారు. ఆమె కిరణజన్య సంయోగక్రియ తీసుకుంది. చార్టు తనే వేసుకుంది, ఆకు ఈనెలతో సహా. "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అంది.

చిలకలూరిపేట అమ్మాయి తుమ్మింది. దొంగతుమ్ము. వెనక బెంచీలో ఇంకొకరు. తర్వాత ఇటు, అటు. మగపిల్లలు బల్లలు కొడుతూ తుమ్మారు. ఆమెకు మొదట అర్థం కాలేదు. "ఫ్యాను ఆపమంటారా?" అని అడిగింది పాపం. దాంతో క్లాసంతా పగలబడి నవ్వింది. ఎవరో "ఘాటు టీచరమ్మా!" అని అరిచారు. సారుకు విషయం తెలియకపోయినా అందరూ నవ్వుతుంటే ఆయనా నవ్వి, "సైలెన్స్, సైలెన్స్" అన్నారు.

ఆమె నా వైపు చూసింది. నేను మొదటి బెంచీలో ఉన్నాను. ఒక్క మనిషైనా తుమ్మకుండా ఉంటే చాలన్నట్టు చూసింది. నేనూ తుమ్మాను.

ఆమె పాఠం ఆపలేదు. చార్టు చూపించింది, పత్రహరితం అని బోర్డు మీద రాసింది, చివర్లో అడగాల్సిన ప్రశ్నలు అడిగింది. ఎవరూ చెప్పలేదు. ప్రతి ప్రశ్నకూ తనే జవాబు చెప్పుకుని, చార్టు చుట్టుకుని, "థాంక్యూ సర్" అని వచ్చి కూర్చుంది.

గదికి వచ్చాక తలుపేసింది. మేమిద్దరమే ఉన్నాం.

"ఎవరో ఫోనులో చూపించారు. పుస్తకం ఇస్తావా?" అంది.

ఇచ్చాను. మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ వచ్చింది. తను చేసినవీ నేను చేసినవీ అన్నీ చూసింది. ఆ పేజీ దగ్గర ఆగి, అంచు మీది తొడిమలు వేలితో తడిమింది.

"ఇవి మా అమ్మ తెచ్చినవేనా?"

"ఊఁ."

"ఎప్పుడేశావిది?"

అబద్ధం చెబుదామనుకుని కూడా చెప్పలేకపోయాను. "పది పన్నెండు రోజులైంది."

"అయితే నీకు జ్వరమొచ్చినప్పటికే వేసేశావన్నమాట. నేను అన్నం కలిపి పెడతా ఉంటే తిన్నావు."

"నాకోసం వేసుకున్నానే. ఎవరికీ చూపించాలని కాదు. ఆ పేట పిల్ల తీసింది ఫోటో."

"ఎవరూ చూడరనుకుని వేశావు కాబట్టే, నీ మనసులో ఉంది ఇదేనని నమ్ముతున్నా" అంది. పుస్తకం మూసి, నాడా కట్టి, నా మంచం మీద పెట్టింది. ఆ సాయంత్రమే వార్డెన్‌ను అడిగి కింద మెస్సు పక్క గదికి మారిపోయింది. అక్కడ మధ్యాహ్నమంతా పొగ.

నేను చేసిందేమిటంటే, ఆ పేజీనీ పక్క పేజీనీ ఫెవికాల్‌తో కలిపి అంటించేశాను. చింపితే కుట్టు వదిలి ఆమె చేసిన మంచి పేజీలు ఊడిపోతాయని భయం.

రెండు నెలలకు కాలేజీ వార్షికోత్సవంలో ఎగ్జిబిషన్ పెట్టారు. నా పుస్తకం ఇచ్చాను. ఎందుకిచ్చావంటే చెప్పలేను. బాగుంటుందని తెలుసు, అంతే. వాలంటీర్లను లెక్చరర్లే వేశారు, మా టేబులు దగ్గర ఆమెను వేశారు. ఎవరో పెద్దాయన, చీఫ్ గెస్టు, పుస్తకం తిప్పుతూ "ఇదంతా నువ్వే చేశావామ్మా?" అని నన్నడిగారు.

ఆమె నాకు మూరెడు దూరంలో ఉంది.

"అవునండి" అన్నాను.

"ఈ కాగితానికి ఈ రంగెలా వచ్చింది?" అన్నారాయన. డికాషన్‌లో ఆమె ఇంకేదో కలిపింది, అదేమిటో నాకు తెలియదు. ఆమె ముందుకొచ్చి చెప్పింది. "టీ డికాషన్‌లో చిటికెడు పటిక వేసి కాచారండి. రెండుసార్లు పట్టించి నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి ఆరబెట్టారు." కాచారు, ఆరబెట్టారు అంటూ అంతా నా పేరు మీదే చెప్పింది. మొదటి బహుమతి నాకే వచ్చింది. స్టేజీ మీద సర్టిఫికెట్ తీసుకుంటుంటే ఆమె కూడా చప్పట్లు కొట్టింది. మిగతా వాళ్లతో పాటు మొదలుపెట్టి, వాళ్లతో పాటే ఆపింది.

చదువైపోయింది. ఆమె డి.ఎస్.సి.లో గవర్నమెంటు టీచరైందని విన్నాను. నేను చీరాలలో ప్రైవేటు స్కూల్లో చేరాను. చాలా ఏళ్ల తర్వాత ఒంగోలులో జరిగిన సైన్స్ ఫెయిర్‌కు మా స్కూలు పిల్లల్ని తీసుకుని వెళితే ఆమె జడ్జీల్లో ఉంది. కాస్త ఒళ్లు చేసింది. మా పిల్లల్ని ప్రేమగా ప్రశ్నలడిగింది. న్యాయంగానే మార్కులేసింది, మాకు మూడో స్థానం వచ్చింది.

భోజనాల తర్వాత ఆమె ఒక్కతే వరండాలో ఉంటే వెళ్లాను. చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆ రోజు పుస్తకం తెరిచి పెట్టి వెళ్లింది కావాలనేనని కూడా చెప్పాను. ఆ మాట అంతవరకూ ఎవరితోనూ అనలేదు. చెబుతూ ఏడ్చాను. ఆమె అడ్డు రాకుండా అంతా విన్నది.

"మీరు చెప్పడం అయిపోయిందాండి?" అంది.

మీరు అంది, అండి అంది. నేను తలూపాను.

"నేను మిమ్మల్ని క్షమించలేదండి. క్షమించమని మా పాస్టరు గారు కూడా చాలాసార్లు చెప్పారు. ఆయనకీ ఇదే చెప్పాను, ఇదొక్కటీ నన్నడగొద్దని. మీరింకెప్పుడూ నన్ను పలకరించొద్దు. చూసినవాళ్లు మార్కుల కోసం వచ్చారని అనుకుంటారు, పిల్లలకు మంచిది కాదు."

గొంతు పెంచలేదు. చేతిలో ఫైలు సర్దుకుని, అవతల పిలుస్తుంటే "వస్తన్నా సర్" అంటూ వెళ్లిపోయింది.

పిల్లల్ని రైలెక్కించి కూర్చున్నాను. అప్పుడు నా లోపల పశ్చాత్తాపం పొంగుతుందనుకున్నాను. పొంగలేదు. కోపమొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత దాచుకోకుండా అంతా చెప్పుకున్నానే, ఏడ్చానే, ఒక్క మంచి మాట అనకూడదా అని. ఇంత గర్వమా అని. పిల్లలు పాటలు పాడుకుంటున్నారు, గోల చెయ్యొద్దని ఒకర్ని కసిరాను. చీరాలలో దిగేదాకా ఆ కోపం తగ్గలేదు.