వచ్చిందా, ఖాలా?

ఆ రోజు పొద్దున స్కూలు ఆఫీసులో కొత్త కాగితాల కట్ట విప్పి, ప్రింటరులో పెట్టే ముందు బల్ల మీద రెండుసార్లు తట్టాను. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. తర్వాత అంచులు వంచి ఉఫ్‌మని ఊదాను. ఊదడం అవసరమో కాదో నాకు తెలియదు. ఖాలా ఊదేది కాబట్టి నేనూ ఊదుతాను. అప్పుడే నాన్న ఫోను చేశాడు.

"బిడ్డా, ఖాలా పోయిందంట. పొద్దుగాల నమాజు చేసుకొని పండుకున్నదంట. మళ్ల లేవలే."

కాగితాలు ట్రేలో పెట్టి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ముందు వచ్చింది ఊరట. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఇరవై రోజుల ముందు ఈ ఫోను వచ్చి ఉంటే, ఆమెకు చెప్పవలసిన ఒక మాట నా దగ్గరే ఉండిపోయేది.

ఖాలా అంటే ఉర్దూలో అమ్మ తోబుట్టువు. ఆమె నాకు చుట్టం కాదు. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ అలాగే పిలిచేవారు. నారాయణఖేడ్‌లో తహసీలు ఆఫీసుకు పోయే దారిలో ఆమెకు టైపింగు, జిరాక్సు దుకాణం ఉండేది. మొదట ఆమె భర్త అదే చోట టైపు మిషను పెట్టుకొని జనానికి అర్జీలు కొట్టిచ్చేవాడట. ఆయన పోయాక ఆమె ఆ మిషను ముందు కూర్చుంది. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక వాటి ముందు కూర్చుంది.

డిగ్రీ అయ్యాక నేను ఇంట్లో పుస్తకాలు పట్టుకొని కూర్చుంటే, నాన్న తీసుకుపోయి ఆ దుకాణంలో కూర్చోబెట్టాడు. కాన్వెంటులో చదివినన్నాళ్లు నేను అందరికంటే బాగా నేర్చుకున్న విద్య నోరు మెదపకుండా ఉండడం. సిస్టర్లు దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకునేవారు. ఖాలా మెచ్చుకోలేదు.

"పేరేంది?" అని అడిగింది. చెప్పాను. "నాకు గాదు, నీ గల్ల పట్టీకి చెప్పినట్టున్నవ్" అంది, నా కాలరు చూపిస్తూ. నాన్న నవ్వాడు. తర్వాత ఆమె నవ్వకుండా అంది: "నాది ఒక్కటే షర్తు. నీకంటె ముందు ముగ్గురు చేసిన్రు. ముగ్గురూ చెప్పకుంటనే పోయిన్రు. పొద్దున దుకాణం తీసుకొని తొవ్వ చూసుడు నాతోని గాదు. నువ్వు పోయినప్పుడు మొఖం మీద చెప్పి పో. ఆపను."

చెబుతానన్నట్టు తలూపాను.

దుకాణానికి రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు, బల్ల, గిరాకీలు. లోపలి గదిలో ప్రింటరు, కాగితాలు కుట్టే సూది, దారం, ఖాలా. ఇన్వర్టరు లైను లోపలికే ఉంది కాబట్టి ప్రింటరు అక్కడ. గోడకు బొక్క కొట్టి వైరు లాగారు. నడుమ ఆకుపచ్చ పర్దా. నేను ముందు గదిలో ప్రింటు నొక్కితే కాగితం లోపలి గదిలో వచ్చేది. వచ్చిందో లేదో అడిగితేనే తెలిసేది. అడగడం నాకు రాదు. లేచి పోయి పర్దా తీసి చూసేదాన్ని.

"ఆడ్నుంచే అడుగు" అనేది ఖాలా. "గంటకు పది మాట్ల లేచి వస్తె గిరాకీ పోతది. పర్దా ఏమనుకోదు, గట్టిగ అడుగు."

మొదటి నెలలోనే ఒక రోజు నాగల్‌గిద్ద నుంచి ఒక రైతు వచ్చాడు. భూమి పాసుబుక్కులో తప్పు సరిచేయమని అర్జీ. టైపు చేసి ప్రింటు నొక్కాను. లోపలి నుంచి చప్పుడు లేదు. అడగలేక మళ్లీ నొక్కాను. మళ్లీ. మళ్లీ. కొంచెం సేపటికి ఖాలా లోపల వైరు కదిపినట్టుంది, ప్రింటరు ఒక్కసారిగా మొదలుపెట్టి ఆగకుండా పదకొండు అర్జీలు కక్కింది. ఖాలా వాటిని చేతుల్లో పట్టుకొని పర్దా దాటి వచ్చింది. రైతు వాటిని చూసి భయపడ్డాడు.

"గిన్ని ఎందుకమ్మా? నాకున్నదే ఎకరం."

దుకాణమంతా నవ్వింది. ఖాలా కూడా నవ్వి, ఆయనకు ఒకటి ఇచ్చి పంపి, నా పక్కన కుర్చీ లాక్కొని కూర్చుంది.

"అది చెవిటిది గాదే. నువ్వు చెప్పింది దానికి అందలే, అంతే. అందనిది పదకొండు సార్లు చెప్తె అందుతదా? నడుమ యాడనో వైరు ఊసింది. గోడ కాడి నుంచి చూసుకుంట రా."

ఆ పూటే గోడ దగ్గరి నుంచి రావడం నేర్పింది. ముందు గోడకున్న ప్లగ్గు. తర్వాత ప్రింటరు మీది లైటు. వైరు రెండు కొసలు, వేలితో ముట్టి చూడాలి. ట్రేలో కాగితం. ఇవన్నీ అయ్యాకే తెర ముందుకు రావాలి. ప్రింటు నొక్కితే తెరుచుకునే డబ్బాలో ఏ ప్రింటరు పేరుందో చదవాలి. "చూసుడు గాదు. బుక్కులు సదివెటిదానివి గద, గీ పేరు గూడ సదువు" అనేది. పేరు సరిగ్గానే ఉంటే దాని వరుస తెరవాలి. ముందర ఒకటి ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగుతాయి. దాన్ని రద్దు చేస్తే మిగిలినవి కదులుతాయి. ఈ వరుస ఆమె ఎప్పుడూ తప్పేది కాదు. తొందరలో ఉన్న గిరాకీ "జల్దీ చెయ్ ఖాలా" అని అరుస్తున్నా ప్లగ్గు దగ్గరి నుంచే మొదలుపెట్టేది. పనిచేయనందుకు ప్రింటరును తిట్టగా నేను ఒక్కసారీ వినలేదు.

రెండు మూడు నెలలకు నా గొంతు పర్దా దాటింది.

"వచ్చిందా, ఖాలా?"

"రాలే!"

వైరు చూసేదాన్ని.

"ఇప్పుడొచ్చిందా?"

"ఒచ్చింది, ఒచ్చింది. అరవకు, చెవులున్నయ్ నాకు."

నేను చదివిన స్కూల్లోనే ఆఫీసు పని ఖాళీ అయిందని రెండేళ్ల తర్వాత కబురు వచ్చింది. శనివారం పొద్దున పోయి కలిశాను. సోమవారం నుంచి రమ్మన్నారు. ఖాలాకు ఎలా చెప్పాలి? వారం ముందే ఆమె నన్ను గట్టిగా కోప్పడి ఉంది. సిర్గాపూర్ నుంచి వచ్చిన ఒకామె అర్జీలో ఊరి పేరు తప్పు కొట్టాను. మళ్లీ కొట్టేసరికి ఆమెకు బస్సు పోయింది. ఇప్పుడు పోతానంటే ఆ కోపానికే పోతున్నాననుకుంటుందేమో.

సాయంత్రం దుకాణానికి వెళ్లాను. ఖాలా పర్దా వెనక నమాజులో ఉంది. కంప్యూటరు ముందు కూర్చొని నాలుగు వాక్యాలు టైపు చేశాను. ఫైలుకు పేరు కూడా పెట్టలేదు. నమాజు ముగించి లేచేసరికి పక్కన ప్రింటరులో కాగితం ఉంటుంది, చదువుకుంటుంది అనుకున్నాను. ప్రింటు నొక్కాను. ఫైలు మూసేశాను. వచ్చిందా అని అడగలేదు. గడపలో ఒక పెద్ద ఖాళీ అట్టపెట్టె అడ్డంగా పడి ఉంది. దాన్ని దాటి దాదాపు పరుగెత్తాను.

ఆ తర్వాత అయిదు నెలలు దుకాణం కంట పడకుండా బస్టాండు వెనక నుంచి చుట్టు తిరిగి స్కూలుకు వెళ్లాను. ఫోను ఆమె దగ్గరా ఉంది, నా దగ్గరా ఉంది. ఆమె చేయలేదు. కాగితం చదివి కోపం వచ్చి ఉంటుందనుకున్నాను. మొఖం మీద చెప్పమంటే కాగితం మీద చెప్పాను కదా.

అర్ధసంవత్సర పరీక్షల ముందు స్కూలుకు కొత్త ప్రింటరు వచ్చింది. మర్నాడు ప్రశ్నపత్రాలు కొడితే ఒక్కటీ రాలేదు. సిస్టర్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. గోడ దగ్గరి నుంచి మొదలుపెట్టాను. ప్లగ్గు బాగుంది. లైటు వెలుగుతోంది. వైరు బిగువుగా ఉంది. కాగితం ఉంది. తెర ముందుకు వచ్చి పేరు చదివాను. అది పాత ప్రింటరు పేరు. కొత్తది బిగించిన మనిషి పాతదాన్ని తీసుకుపోయాడు గానీ దాని పేరు కంప్యూటరులో అలాగే ఉంది. నేను ఇచ్చిన ప్రతి ప్రింటూ అక్కడ లేని ప్రింటరుకు పోతోంది. దాని వరుస తెరిచాను. ఆరు ప్రశ్నపత్రాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

అప్పుడు నాకు ఆ శనివారం ఖాలా దుకాణం గడపలో పడి ఉన్న అట్టపెట్టె గుర్తుకొచ్చింది. అంత పెద్ద పెట్టెలో మా దుకాణానికి వచ్చే వస్తువు ప్రింటరు ఒక్కటే.

"ఏమైంది? తెలిసిందా?" అంది సిస్టర్.

"తెలిసింది, సిస్టర్." పేరు మార్చాను. ప్రశ్నపత్రాలు రావడం మొదలైంది. "మధ్యాహ్నం నాకు రెండు గంటలు సెలవు కావాలి."

సిస్టర్ కళ్లద్దాలు సర్దుకుంది. "నువ్వు నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. వెళ్లు."

ఖాలా ముందు గదిలోనే ఉంది. నా కుర్చీలో కూర్చొని టైపు చేస్తోంది. తలెత్తి చూసి మళ్లీ తెర వైపు తిరిగింది.

"ఏందే, తొవ్వ మర్సినవా?"

"ఖాలా, ఒక్క నిమిషం జరుగు."

"అయిదు నెలలాయె. మొఖం మీద చెప్పి పొమ్మన్న. చెప్పినవా?"

"రాసిన ఖాలా. ప్రింటు ఇచ్చి పోయిన."

"యాడికిచ్చినవ్? నాకైతె రాలే."

ఆమె జరిగింది. కూర్చొని ప్రింటర్ల పేర్లు తెరిచాను. కొత్తది పైన ఉంది. కింద మసక రంగులో పాతది. దాని వరుసలో ఒకే ఒక్క పేరులేని ఫైలు. ఒక పేజీ. ఆ శనివారం తారీఖు, సాయంత్రం వేళ. ఖాలా అద్దాలు పెట్టుకొని ముందుకు వంగి తారీఖు వేలితో పట్టి చదివింది.

"పాత దాని పేరు తీసెయ్యలేదేంది ఖాలా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పన్నెండేండ్లు పని చేసిందే. పేరు తీసెయ్యబుద్ధి గాలే." తర్వాత మెల్లగా అంది: "నేను తిట్టిన్నని పోయినవనుకున్న. ఊరి పేరు కోసం గంత తిట్టకుంటె బాగుండు గదా అని రోజు అనుకున్న."

అయిదు నెలలు చుట్టు తిరిగింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

"ఏం రాసినవ్?"

"దీన్ని తెరిచి చదవనీకి రాదు ఖాలా. ఆ ప్రింటరు నుంచే రావాలె. అది లేదు గద."

"ప్రింటరు ఎందుకే? నువ్వున్నవ్ గద. చెప్పు."

తెర వైపే చూస్తూ చెప్పబోయాను. గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుంది. చెప్పాను. నాకు నౌకరి వచ్చింది ఖాలా. సోమవారం నుంచి రాను. నీ ముందట చెప్పే ధైర్యం లేక రాస్తున్న. నా గొంతు నాకు మొదట ఇనవడ్డది నీ దుకాణంలనే.

"గంతేనా?"

"గంతే."

"గింత దానికి అయిదు నెలలు పరేషాన్ చేసినవా?" అని నెత్తి మీద ఒక్కటి వేసింది. తర్వాత నా చేయి పట్టుకొని చాలాసేపు వదల్లేదు. ఆమె వేళ్లకు ఇంకు వాసన.

ఆ తర్వాత స్కూలుకు దుకాణం ముందు నుంచే పోయాను. పోతూ చేయి ఊపేదాన్ని. ఆమె "జల్దీ పో, బెల్లు కొడ్తరు" అనేది. అలా ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులు నాకు దొరికాయి.

ఖాలా పోయిన నాలుగో రోజు మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. మరణ ధ్రువీకరణ పత్రానికి అర్జీ కావాలని ఖాలా కోడలు అంది. ఆమెతో పోయి దుకాణం తెరిచి టైపు చేశాను. ఊరి పేరు రెండుసార్లు చదివాను. డబ్బాలో ప్రింటరు పేరు చదివాను. ప్రింటు నొక్కాను. అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది.

"వచ్చిందా, ఖాలా?"

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. కొంచెం సేపటికి లోపలి నుంచి కోడలి గొంతు వినిపించింది. "ఆయా బాజీ. వచ్చింది అక్కా."

పాత ప్రింటరు పేరు ఇంకా ఆ కంప్యూటరులో ఉంది. దాని వరుసలో నా ఒక పేజీ ఉంది. ఎన్నడూ ప్రింటు కాదు. తీసేయలేదు. తీసేయవలసిన అవసరమూ కనిపించలేదు.

నేను ఖాలాకు ఆ నాలుగు మాటలు చెప్పిన మధ్యాహ్నం దుకాణంలో నలుగురు గిరాకీలు ఉన్నారు. ఆధార్ కాగితాలు చేతిలో పట్టుకొని, బల్లకు ఆనుకొని, నేను చెప్పడం అయ్యేదాకా నిలబడ్డారు.